రంగు వదలని సూక్ష్మజీవి

గుంటూరు కొత్తపేటలో ఆసుపత్రులను ఆనుకుని ఉన్న ల్యాబుల్లో సూక్ష్మజీవుల పరీక్షలు చేసే చోటుకు వెళ్తే, సింకుకు అడ్డంగా పెట్టిన రెండు కడ్డీల మీద వరుసగా గాజు స్లైడులు, ఎంత తోమినా పోని ఊదా మరకలు కనిపిస్తాయి. బ్యాక్టీరియా దాదాపు పారదర్శకంగా ఉంటుంది కనుక, మామూలు మైక్రోస్కోపుకు అది ఆనాలంటే రంగు వేయక తప్పదు. కేవలం కనబడడానికైతే మిథిలీన్ బ్లూ అనే నీలి రంగు ఒక్కటే చాలు. అది ఏ తెగదో పోల్చుకోవాలంటే మాత్రం వేసిన రంగును కడిగి చూడాలి. మంగళగిరి చీర రంగు సంగతి మొదటి ఉతుకులో బయటపడినట్టు, సూక్ష్మజీవి గుట్టు కూడా ఆ కడగడంలోనే తేలుతుంది.

బెర్లిన్‌లో పనిచేస్తున్న డెన్మార్క్ వైద్యుడు హాన్స్ క్రిస్టియన్ గ్రామ్ 1884లో ప్రకటించిన పద్ధతికి ఆయువుపట్టు ఇదే. స్లైడు మీద క్రిస్టల్ వయొలెట్ అనే ఊదా రంగు, ఆపై అయోడిన్ పోస్తే రెండూ కలిసి కణంలో పెద్ద సమ్మేళనంగా మారతాయి. తర్వాత ఆల్కహాలు పోసినప్పుడు, మందమైన పెప్టిడోగ్లైకాన్ (బ్యాక్టీరియా గోడకు బలమిచ్చే వలలాంటి పదార్థం) గోడ ఉన్న కణం నీరు కోల్పోయి బిగుసుకుని ఆ ఊదాను లోపలే పట్టి ఉంచుతుంది; ఇది గ్రామ్ పాజిటివ్. పలుచని గోడ, దానిపై కొవ్వు పొర ఉన్న కణం దాన్ని వదిలేసి, చివర్లో వేసే సాఫ్రనిన్ అనే ఎర్ర రంగుతో గులాబీ రంగుకు తిరుగుతుంది; ఇది గ్రామ్ నెగెటివ్. ఇందులో చేయి తిరగాల్సింది ఆల్కహాలు దగ్గరే. స్లైడును వంచి చుక్కలుగా పోస్తూ, జారే ద్రవంలో ఊదా ఛాయ ఆగిన క్షణానే నీళ్లతో కడిగేయాలి. కొన్ని క్షణాలు ఆలస్యమైతే గ్రామ్ పాజిటివ్ కాస్తా నెగెటివ్‌లా కనిపిస్తుంది. కల్చర్ (ల్యాబులో పెంచిన క్రిములు) పాతబడినా, రోగి ముందే మందుల దుకాణంలో యాంటీబయాటిక్ కొని వాడేసినా (మన దగ్గర ఇది మామూలే) గోడ దెబ్బతిని అలాంటి పొరపాటే జరగవచ్చు.

క్షయ క్రిమి మరీ మొండిది. మైకోలిక్ ఆమ్లాలనే కొవ్వు పదార్థాలతో నిండిన దాని మైనపు గోడలోకి రంగు అంత తేలిగ్గా చొరబడదు. అందుకే జీల్-నీల్సన్ పద్ధతిలో కార్బాల్ ఫుక్సిన్ అనే ఎర్ర రంగు పోసి, అడుగున మంట చూపించి, ఆవిర్లు లేచేదాకా వేడి చేస్తారు; అది మరగకూడదు, ఆరిపోనూ కూడదు. ఒకసారి లోపలికి వెళ్లిన ఎరుపును 25 శాతం సల్ఫ్యూరిక్ ఆమ్లం కూడా కడిగేయలేదు. దీని దాయాది అయిన కుష్ఠు క్రిమికి అంత పట్టు లేదు కనుక 5 శాతం ఆమ్లమే వాడతారు.

ఆపైన మిథిలీన్ బ్లూ వేస్తే నీలి నేపథ్యంలో సన్నని ఎర్ర పుల్లలు కనిపిస్తాయి. నూరు ఫీల్డులు (మైక్రోస్కోపులో ఒకసారికి కనిపించే మేర ఒక ఫీల్డు) ఓపికగా చూసి, ఒక్కటీ లేదని నిర్ధారించుకున్నాకే నెగెటివ్ అని రాయాలి. అయినా మిల్లీలీటరు కళ్లెలో సుమారు 5,000 నుంచి 10,000 క్రిములు ఉంటే తప్ప ఈ పరీక్షకు చిక్కవు. చిక్కిన క్రిమి క్షయ మందు రిఫాంపిసిన్‌కు లొంగుతుందో లేదో రంగు చెప్పలేదు, దానికి జన్యు పరీక్ష కావాలి. అది బతికున్నదో చచ్చినదో తేల్చాలంటే కల్చర్ చేయాలి, ద్రవ మాధ్యమంలోనైతే ఆరు వారాల దాకా ఎదురుచూడాలి.