స్టెప్ కేక్ గడప దాటాక: కొన్ని అపోహలు, వాస్తవాలు

విజయవాడ పటమటలో ఇంటి నుంచే కేకులు చేసి అమ్ముతున్నాను. మేం ‘టూ టైర్’, ‘త్రీ టైర్’ అని లెక్కపెడితే కస్టమర్లు రెండు స్టెప్పులు, మూడు స్టెప్పులు అంటారు. వాళ్ల మాటే బాగుంది, ఇక్కడ నేనూ అదే వాడతాను. ఈ కేకుల్లో నన్ను టెన్షన్ పెట్టేది పూలూ బొమ్మలూ కాదు. మా గడప దాటి ఫంక్షన్ హాల్ చేరేదాకా పట్టే ముప్పావు గంట. దాని గురించి కస్టమర్లకే కాదు, కొత్తగా మొదలుపెట్టిన బేకర్లకు కూడా కొన్ని గట్టి నమ్మకాలు ఉన్నాయి.

అపోహ: ఒళ్లో పెట్టుకుంటే అన్నిటికంటే భద్రం.

“పసిపిల్లను పట్టుకున్నట్టు పట్టుకుంటామండీ” అంటారు. ప్రేమకు లోటు లేదు కానీ ఒడి ఎప్పుడూ సమంగా ఉండదు. బ్రేక్ పడగానే మనిషి ముందుకు వంగుతాడు, తెలియకుండానే చేతులు డబ్బాను నొక్కేస్తాయి. కారు సీటూ అంతే. కూర్చునే మనిషి సుఖం కోసం దాన్ని వెనక్కి వాల్చి చేస్తారు. ఆ వాలు మీద అరగంట ఉన్న కేక్ వాలినట్టే నిలబడిపోతుంది.

కేక్‌కు సరైన చోటు కారు నేల. చిన్నదైతే ముందు సీట్లో కాళ్లు పెట్టుకునే చోట, ఏసీ గాలి కిందికి వచ్చేలా తిప్పుకుని పెట్టుకోవచ్చు. పెద్దదైతే హ్యాచ్‌బ్యాక్ డిక్కీలో, పైనుండే అర తీసేసి పెట్టాలి. సెడాన్ డిక్కీకి చల్లగాలి అందదు, ఎండాకాలంలో దాని జోలికి పోకండి. కింద వంటింటి సొరుగుల్లో పరిచే రబ్బరు జాలీ షీటు వేస్తే డబ్బా అంగుళం కూడా జరగదు. ఆటోలో తీసుకెళ్తామంటే మాత్రం నేను స్టెప్పులు విడివిడి డబ్బాల్లో ఇచ్చేస్తాను.

అపోహ: ఫ్రిజ్‌లోంచి తీసిన కేక్‌ను వెంటనే కదిలిస్తే పగిలిపోతుంది, కాసేపు బయట పెట్టాలి.

దీనికి సరిగ్గా తలకిందులుగా చేయాలి. బాగా చల్లబడ్డ కేక్‌లో క్రీమ్ గట్టిపడి పొరలన్నీ ఒక్క ముద్దలా ఉంటాయి. స్టెప్ కేక్‌ను కనీసం నాలుగైదు గంటలు, వీలైతే రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచి, కారు వాకిట్లోకి వచ్చాకే బయటికి తీస్తాను. అంతకు ముందే కారులో పది పదిహేను నిమిషాలు ఏసీ నడవాలి. ఎండలో ఆగిన కారు లోపల బయటికంటే చాలా వేడిగా ఉంటుంది. మే నెలలో మన దగ్గర బయటే 40 డిగ్రీలు దాటుతుంది, వెన్నేమో 32 నుంచి 35 డిగ్రీల మధ్యే కరిగిపోతుంది. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు, ఇక బటర్ క్రీమ్ సంగతి చెప్పాలా?

అందుకే వేసవిలో బయట పూతకు డార్క్ చాక్లెట్ గనాష్ (చాక్లెట్‌లో క్రీమ్ కలిపి చేసే పూత) వాడదామని ముందే చెప్తాను. మామూలుగా రెండు వంతుల చాక్లెట్‌కు ఒక వంతు క్రీమ్, ఎండల్లో మూడు వంతులకు ఒకటి. తెల్ల కేకే కావాలని పట్టుబట్టే వాళ్లకు రాత్రి ఏడు తర్వాత కోసేలా పెట్టుకోమంటాను.

అపోహ: ఫాండెంట్ కేక్ రాయిలా ఉంటుంది, దానికేమీ కాదు.

అది పైన కప్పిన చక్కెర దుప్పటి, అంతే. లోపలి క్రీమ్ మెత్తబడితే దుప్పటి బరువుకు నడుం దగ్గర పొట్టలా ఉబ్బుతుంది. ఫ్రిజ్‌లోంచి తీయగానే మన తేమ గాలికి పైన చెమట పడుతుంది. తుడవద్దు, ముట్టుకోవద్దు, ఏసీలో దానంతటదే ఆరిపోతుంది. తుడిస్తే వేలిముద్రలు మిగులుతాయి. గులాబీ, ఊదా రంగులు కిటికీలోంచి పడే ఎండకు వెలిసిపోతాయి, అద్దానికి ఒక తుండు అడ్డం పెట్టండి.

అపోహ: మధ్యలో ఒక పొడుగు పుల్ల దింపితే కేక్ ఎటూ కదలదు.

ఇది మా బేకర్ల అపోహ, అన్నిటికంటే ఖరీదైనది కూడా. మధ్య పుల్ల పై స్టెప్‌ను పక్కకు జారనివ్వదు, బరువు మోయదు. బరువు మోసేవి కింది స్టెప్‌లో గుచ్చే లావు స్ట్రాలు లేదా చెక్క డోవెల్స్, అంటే గుండ్రటి కడ్డీలు. వాటి మీద పై స్టెప్ తన సొంత బోర్డుతో ఆనాలి. స్తంభాల మీద స్లాబు ఆనినట్టు. 10 అంగుళాల కేక్ మీద 7 అంగుళాలది పెడితే నేను ఆరు స్ట్రాలు వేస్తాను. పై కేక్ అంచుకు అంగుళం లోపలగా చుట్టూ ఐదు, మధ్యకు దగ్గరగా ఒకటి. మూడో స్టెప్ కూడా ఉంటే అడుగున చెక్కవే.

కోయడంలో ఉంది అసలు సంగతి. ఒక్కో స్ట్రా గుచ్చి, అక్కడ కేక్ ఎంత ఎత్తుంటే అంతకు కోయకూడదు. ఒకదాన్ని కొలిచి బయటికి తీసి, మిగతావన్నీ దాని పక్కన పెట్టి ఒకే పొడుగులో కోయాలి. నాకిది గుంటూరు బ్రాడీపేటలో జరిగిన ఓణీల ఫంక్షన్ కేక్ నేర్పింది. అమ్మాయి నాన్నగారే వచ్చి తీసుకెళ్లారు. వారధి దాటి ముప్పై అయిదు కిలోమీటర్లు. గంటన్నరకు ఫోన్. “మేడమ్, కాజ టోల్‌గేట్ దగ్గర గట్టిగా బ్రేక్ వేశాను. పై స్టెప్ వాలిపోయింది, తప్పు నాదే” అన్నారు. ఫోటో చూస్తే కేక్ వాలింది నిజమే, కానీ డబ్బా గోడలకు క్రీమ్ మరక ఒక్కటీ లేదు. బ్రేక్ వల్లే అయితే కేక్ గోడకు కొట్టుకోవాలి కదా. కోశాక స్ట్రాలు కడిగి వరసగా పేర్చి ఫోటో పెట్టమన్నాను. రెండు స్ట్రాలు మిగతావాటికంటే మూడు నాలుగు మిల్లీమీటర్లు పొట్టి. అటువైపే వాలింది. ఆయనకు ఫోన్ చేసి విషయం చెప్పి సగం డబ్బు తిరిగి పంపాను. ఆయన వద్దన్నారు, అది వేరే సంగతి.

అపోహ: మెల్లగా నడిపితే చాలు.

మెల్లగా నడిపితే మంచిదే, కానీ కేక్‌ను పాడుచేసేది వేగం కంటే వేగం ఒక్కసారిగా మారడం. స్పీడ్ బ్రేకర్‌ను ఏటవాలుగా కాకుండా రెండు చక్రాలూ ఒకేసారి ఎక్కేలా దాటాలి. సాయంత్రం బందరు రోడ్డులో ఆగుతూ కదులుతూ పోయే కంటే, కాస్త చుట్టయినా ఆగకుండా పోయే దారే కేక్‌కు మేలు. బెంజ్ సర్కిల్ దగ్గర కింద సిగ్నల్‌లో ఇరుక్కోకుండా ఫ్లైఓవర్ ఎక్కేయండి.

అపోహ: కస్టమర్ చేతికిచ్చాక మనకు సంబంధం లేదు.

చాలామంది బిల్లు మీద ఈ ముక్క అచ్చేయిస్తారు. అది అన్నిసార్లూ కాపాడదు. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం, లోపమున్న సరుకును వెనక్కి తీసుకుని డబ్బు వాపసు ఇవ్వడానికి నిరాకరించడం అనుచిత వ్యాపార పద్ధతి. బిల్లులో గడువు రాయకపోతే 30 రోజులు. పొట్టి స్ట్రా కేక్‌లోని లోపమే, ఎవరి కారులో కూలినా సరే. అలాగని ఒళ్లో పెట్టుకుని నలిపేసిన కేక్‌కు బేకర్ డబ్బు కట్టనక్కర్లేదు. ఏది ఏదో తేల్చడానికి కేకే సాక్ష్యం చెప్తుంది. డబ్బా ఒక గోడకు క్రీమ్ అంటుకుని, కేక్ మొత్తం అటు జరిగి ఉంటే బ్రేకు, మలుపు. గోడలు శుభ్రంగా ఉండి పై స్టెప్ కిందికి కుంగితే, కింది స్టెప్ పక్కలకు ఉబ్బితే లోపలి ఆధారాల తప్పు. పూలు జారి క్రీమ్ మెరుస్తూ కిందికి దిగితే ఎండ. ఎండ విషయంలో మాత్రం గొడవ పడక తప్పదు, ఎందుకంటే సగం తప్పు రెసిపీది, సగం ప్రయాణానిది.

అందుకే డబ్బా ఇచ్చే ముందు నాలుగు వైపులా ఫోటోలు తీస్తాను. కారులో నేనే పెట్టి, పెట్టాక చిన్న వీడియో తీసి కస్టమర్‌కు వాట్సాప్ చేస్తాను. తీసుకెళ్లే పద్ధతి ఆర్డర్ రోజే చెప్తాను. గుమ్మంలో చెప్తే ఎవరూ వినరు, అప్పటికే ఇంటి నుంచి మూడు ఫోన్లు వచ్చి ఉంటాయి.

అపోహ: కూలిన కేక్ ఇక పనికిరాదు.

నేల మీద పడితే నిజంగానే పనికిరాదు, దాని గురించి బేరాలు వద్దు. డబ్బాలోనే వాలితే చాలావరకు దక్కుతుంది. ఫోన్ రాగానే నేను అడిగేది “ఎవరు చేశారు” అని కాదు, “ఎన్నింటికి కోస్తారు, అక్కడ ఫ్రిజ్ ఉందా” అని. మెత్తబడ్డ కేక్ మీద చేయి పెడితే ఇంకా చెడుతుంది. ముందు అరగంట ఫ్రిజ్‌లో, అది లేకపోతే ఏసీ గదిలో పెట్టించాలి. అందుకే ప్రతి స్టెప్ కేక్‌తో పాటు అదే రంగు క్రీమ్ నింపిన పైపింగ్ బ్యాగ్ ఒకటి, నాలుగు పూలు పంపిస్తాను.

ఒకసారి తాడేపల్లి హాల్ నుంచి ఒకావిడ ఏడుస్తూ వీడియో కాల్ చేసింది. బాబు మొదటి పుట్టినరోజు, పై స్టెప్ పూర్తిగా పక్కకు ఒరిగింది. దాన్ని బోర్డుతో సహా ఎత్తించి, ఒక స్టీలు పళ్లెం బోర్లించి దాని మీద పెట్టించాను. కింది స్టెప్ మీద మిగిలిన గుంటలో పూలు. పక్కపక్కన రెండు కేకులు. వచ్చినవాళ్లు ముందు నుంచీ అంతే అనుకున్నారట.

ఇంకొకటుంది, దీన్ని అపోహ అనలేం, మతిమరుపు. లోపల ఎన్ని స్ట్రాలు, ఎన్ని పుల్లలు ఉన్నాయో డబ్బా మూత మీద పెద్ద అక్షరాలతో రాయండి. కోసేవాళ్లు అన్నీ బయటికి వచ్చాయో లేదో లెక్కపెట్టుకున్నాకే పిల్లలకు ముక్క పెట్టాలి. తాడేపల్లిలో ఆ పని బాబు నాయనమ్మ చేసింది. మూత మీద ఏడు అని ఉంటే ఆరే దొరికాయని రాత్రి తొమ్మిదింటికి నాకు ఫోన్ చేయించింది. ఏడోది పై స్టెప్ బోర్డుకు అతుక్కుని ఉంది.