డేటాబేస్ వెర్షన్ మార్పు: నేను తరచూ వినే అపోహలు, అసలు వాస్తవాలు

డేటాబేస్ సర్వర్‌కి కొత్త వెర్షన్ ఎక్కిద్దాం అనగానే అందరూ అడిగేది ఒకటే: "డౌన్‌టైమ్ (సర్వర్ ఆగి ఉండే సమయం) ఎంత?" తేడా వస్తే వెనక్కి ఎలా వస్తామని మాత్రం ఎవరూ అడగరు. నాకు టెన్షన్ పెట్టేది ఆ అడగని ప్రశ్నే.

అపోహ: బాగా నడుస్తోంది కదా, కదపడం దేనికి?

పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్‌లో ఒక్కో మేజర్ (పెద్ద) వెర్షన్‌కి మద్దతు ఐదేళ్లే. 12వ వెర్షన్ గడువు 2024 నవంబరులో తీరిపోయింది. మరో డేటాబేస్ మైఎస్‌క్యూఎల్ 5.7 గడువు అంతకుముందే, 2023 అక్టోబరులో ముగిసింది. ఆ తర్వాత ఏదైనా సెక్యూరిటీ లోపం బయటపడితే దాన్ని సరిచేసే ప్యాచ్ రాదు. పైగా వాయిదా వేసేకొద్దీ దారి పొడుగవుతుంది. మైఎస్‌క్యూఎల్ 5.6లో ఉండిపోయినవాళ్లు నేరుగా 8.0కి దూకలేరు, ముందు 5.7కి వెళ్లాలి. అంటే టెస్టింగ్ కూడా రెండుసార్లు.

అపోహ: చిన్న అప్‌డేట్ అయినా రిస్కే.

కాదు. పోస్ట్‌గ్రెస్ 16.3 నుంచి 16.4కి వెళ్లాలంటే ప్రోగ్రామ్ ఫైళ్లు మార్చి రీస్టార్ట్ చేస్తే చాలు, డేటా ఫైళ్ల జోలికి వెళ్లక్కర్లేదు. కొన్ని విడుదలల్లో ఫలానా ఇండెక్స్ (డేటాను త్వరగా వెతికిపెట్టే సూచిక) మళ్లీ కట్టుకోమని చెబుతారు కాబట్టి రిలీజ్ నోట్స్ ఒకసారి చదవండి. ఇలాంటి వాటికి భయపడి నెలల తరబడి ప్యాచ్‌లు ఆపేయడమే పెద్ద రిస్కు.

అపోహ: ఏదైనా తేడా వస్తే పాత వెర్షన్‌కి వెళ్లిపోదాం, బ్యాకప్ ఉందిగా.

నేను ఎక్కువసేపు వాదించేది దీని మీదే. మైఎస్‌క్యూఎల్ 8.0 ఒకసారి డేటా డైరెక్టరీని తన పద్ధతికి మార్చుకున్నాక 5.7 దాన్ని చదవలేదు. మైక్రోసాఫ్ట్ ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో కొత్త వెర్షన్ మీద తీసిన బ్యాకప్ పాత వెర్షన్‌లో రీస్టోర్ కాదు. పోస్ట్‌గ్రెస్ వెర్షన్ మార్చే పీజీ-అప్‌గ్రేడ్ అనే టూల్‌ని లింక్ మోడ్‌లో (ఫైళ్లు కాపీ చేయకుండా) నడిపితే పెద్ద డేటాబేస్ కూడా నిమిషాల్లో అయిపోతుంది, నిజమే. కానీ అప్పుడు పాత, కొత్త సర్వర్లు రెండూ అవే ఫైళ్లను పంచుకుంటాయి. కొత్త సర్వర్ ఒక్కసారి స్టార్ట్ అయిందంటే పాతదాన్ని మళ్లీ లేపకూడదు. కాపీ మోడ్‌లో పాతది భద్రంగా ఉంటుంది. దానికి దాదాపు రెట్టింపు డిస్క్, చాలా ఎక్కువ సమయం కావాలి.

సరే, పాతది భద్రంగానే ఉందనుకుందాం. రాత్రి 2 గంటలకి మార్చారు, మధ్యాహ్నం 12కి సమస్య తెలిసింది. ఈ పది గంటల్లో వచ్చిన ఆర్డర్లు, చెల్లింపులు పాత సర్వర్‌లో లేవు, రాత్రి తీసిన బ్యాకప్‌లోనూ లేవు. అవి కూడా కావాలంటే కొత్త సర్వర్ నుంచి పాతదానికి ఎదురు రెప్లికేషన్ (మార్పులను వెంటవెంటనే రెండో సర్వర్‌కి పంపడం) ముందే పెట్టుకుని ఉండాలి. అది కుదరకపోతే "ఫలానా గంట దాటాక వెనక్కి రాం, ఏ సమస్య అయినా కొత్తదాంట్లోనే సరిచేస్తాం" అని ముందే కాగితం మీద రాసి, మేనేజర్ చేత ఒప్పించుకోవాలి. అర్ధరాత్రి నిద్రమత్తులో తీసుకునే నిర్ణయం కాదిది.

అపోహ: డేటా అంతా వచ్చేసింది, పని అయిపోయింది.

నా తొలి మేజర్ అప్‌గ్రేడ్ ఒక్క ఎర్రర్ కూడా లేకుండా పూర్తయింది. హాయిగా పడుకున్నాను. ఉదయానికి సెకనులో రావాల్సిన రిపోర్టులు నిమిషాలు తీసుకుంటున్నాయి. ఇండెక్సులన్నీ ఉన్నాయి, క్వెరీలు మాత్రం వాటిని వాడుకోవడం లేదు. కారణం, పోస్ట్‌గ్రెస్ 18వ వెర్షన్‌కి ముందు పీజీ-అప్‌గ్రేడ్ డేటాను తెచ్చేది కానీ, క్వెరీని ఏ దారిలో నడపాలో ఎంచుకునే ప్లానర్ వాడుకునే గణాంకాలను తెచ్చేది కాదు. ఏ టేబుల్‌లో ఎన్ని వరుసలున్నాయో సరిగా తెలియక ప్లానర్ గుడ్డిగా దారి ఎంచుకుంటోంది. గణాంకాలను మళ్లీ సేకరించే అనలైజ్ కమాండ్ నడిపితే సర్దుకుంది. 18 నుంచి చాలా గణాంకాలు వెంటే వస్తున్నాయి, మనం విడిగా తయారు చేసుకున్న ఎక్స్‌టెండెడ్ గణాంకాలు మాత్రం 18లో రావు. నేను ఇప్పటికీ అనలైజ్ నడుపుతాను.

ఎర్రర్ రాకుండానే ఫలితం మారిపోయే సందర్భాలు ఇంకా చికాకు. మైఎస్‌క్యూఎల్ 5.7లో గ్రూప్ బై (వరుసలను గుంపులుగా కలపమనే ఆదేశం) రాస్తే వరుసలు వాటంతటవే క్రమంలో వచ్చేవి. 8.0లో ఆ హామీ తీసేశారు, క్రమం కావాలంటే ఆర్డర్ బై మనమే రాసుకోవాలి. ర్యాంక్ అనే మాట 8.0లో రిజర్వ్‌డ్ పదమైంది, అంటే డేటాబేస్ తనకే ఉంచుకున్న మాట. ఆ పేరుతో కాలమ్ ఉంటే క్వెరీ నేరుగా ఆగిపోతుంది. అది నయం, కనీసం కనబడుతుంది.

అపోహ: డేటాబేస్ వెర్షన్ అదే, మార్చింది ఆపరేటింగ్ సిస్టమే.

పోస్ట్‌గ్రెస్ వాడేవాళ్లు ఈ మాట అంటే నాకు గుండె దడ. అక్షరాలను ఏ వరుసలో పేర్చాలో పోస్ట్‌గ్రెస్ చాలాసార్లు లినక్స్‌లోని జీలిబ్‌సీ అనే లైబ్రరీని అడుగుతుంది. 2018లో వచ్చిన జీలిబ్‌సీ 2.28లో ఆ వరుస మారింది. పాత వరుస ప్రకారం కట్టిన ఇండెక్స్‌లో కొత్త వరుస ప్రకారం వెతికితే, టేబుల్‌లో ఉన్న పేరు కూడా దొరకకపోవచ్చు. ఒకే విలువ రెండుసార్లు రాకుండా ఆపే యూనిక్ ఇండెక్స్ ఉండగానే డూప్లికేట్లు దూరవచ్చు. డేటా ఫైళ్లను యథాతథంగా కొత్త మెషీన్‌కి మోసినా, స్ట్రీమింగ్ రెప్లికా (ఫైళ్ల స్థాయిలో నడిచే నకలు సర్వర్) ద్వారా మారినా ఈ ప్రమాదం ఉంది. డంప్ తీసి (డేటాను ఆదేశాల రూపంలో రాయించి) రీస్టోర్ చేస్తే ఇండెక్సులు కొత్తగా కడతారు కాబట్టి ఉండదు. లేదంటే టెక్స్ట్ కాలమ్‌ల ఇండెక్సులన్నీ రీఇండెక్స్ చేయాలి.

అపోహ: లాజికల్ రెప్లికేషన్ పెడితే ఏ తలనొప్పీ ఉండదు.

పాత సర్వర్‌లో జరిగే డేటా మార్పులను ఎప్పటికప్పుడు కొత్త వెర్షన్ సర్వర్‌కి పంపే పోస్ట్‌గ్రెస్ పద్ధతి ఇది. డౌన్‌టైమ్ బాగా తగ్గుతుంది, ఒప్పుకుంటాను. కానీ మధ్యలో ఎవరైనా టేబుల్‌కి కొత్త కాలమ్ చేరిస్తే అది అటు వెళ్లదు. ప్రైమరీ కీ (ఒక్కో వరుసను గుర్తుపట్టే కాలమ్) లేని టేబుల్‌లో అప్‌డేట్ చేయబోతే, రెప్లికా ఐడెంటిటీ (వరుసను గుర్తుపట్టే మరో మార్గం) విడిగా పెట్టకపోతే, పాత సర్వర్‌లోనే ఎర్రర్ వస్తుంది. పోస్ట్‌గ్రెస్ 18 వరకు సీక్వెన్సుల (వరుస నంబర్లు ఇచ్చే కౌంటర్ల) విలువలు కూడా అటు వెళ్లవు. అప్లికేషన్‌ని కొత్త సర్వర్ వైపు తిప్పగానే మొదటి ఇన్సర్ట్ 1వ నంబర్ నుంచి మొదలెట్టి డూప్లికేట్ కీ అని ఆగిపోతుంది. ఆ విలువలను ముందుకు జరిపే స్క్రిప్టు కటోవర్ (కొత్త సర్వర్‌కి మారే) పనుల కాగితంలో అప్లికేషన్ తిప్పే పనికి పైనే ఉండాలి.