అప్పు తీర్చినా కొలువు దక్కలేదు: బ్యాంకు ఉద్యోగాల్లో సిబిల్ షరతు

బ్యాంకు పరీక్షల ఫలితాలు వచ్చాక గుంటూరు అరండల్‌పేట, బ్రాడీపేట హాస్టళ్లలో ఇప్పుడు మార్కుల కంటే సిబిల్ (ఎవరు అప్పు ఎలా తీర్చారో రికార్డు ఉంచే సంస్థ) టెన్షనే ఎక్కువ. పాత బాకీ ఉన్నవాళ్లకు బ్యాంకులో ఉద్యోగం ఇవ్వాలా వద్దా అన్న వాదన మళ్లీ లేచింది. అసలు మలుపు 2020 జూలైలో ఉంది.

ఆ నెల స్టేట్ బ్యాంకు సర్కిల్ బేస్డ్ ఆఫీసర్ల పోస్టులకు ప్రకటన ఇచ్చింది. రుణం, క్రెడిట్ కార్డు బాకీ ఎగ్గొట్టిన రికార్డు ఉన్నా, సిబిల్ వంటి సంస్థల దగ్గర ప్రతికూల నివేదిక ఉన్నా నియామకానికి అర్హత లేదని అందులో షరతు పెట్టింది. ఒక అభ్యర్థి అన్ని దశలూ దాటి 2021 మార్చిలో నియామక ఉత్తర్వు అందుకున్నాడు. సిబిల్ నివేదిక ప్రతికూలంగా ఉందని ఏప్రిల్‌లో బ్యాంకు దాన్ని రద్దు చేసింది. ప్రకటన వచ్చేనాటికే అప్పులన్నీ తీర్చేశానని అతను మద్రాసు హైకోర్టుకు వెళ్లాడు. 2025 జూన్‌లో కోర్టు బ్యాంకు పక్షానే నిలిచింది. ప్రజల డబ్బు చూసేవాళ్లకు ఆర్థిక క్రమశిక్షణ ఉండాలంది. అప్పు తీర్చడం ఒక్కటే చాలదని, చెల్లింపుల చరిత్రలో మచ్చ ఉండకూడదని చెప్పింది.

బ్యాంకుల వాదన కూడా ఇదే. అది కొట్టిపారేయదగ్గదేమీ కాదు. కానీ ఆ మచ్చ ఎలా పడుతుందో చూడాలి.

సిబిల్ నివేదికలో ప్రతి అప్పు కింద నెలకో గడి ఉంటుంది, 36 నెలల వరకూ. వాయిదా ఎన్ని రోజులు ఆలస్యమైతే ఆ గడిలో అంత అంకె. ఆ నెల నాన్న ఆసుపత్రిలో ఉన్నాడా, జీతం ఆగిందా అన్నది రాయడానికి చోటే లేదు. అంతకంటే పెద్ద దెబ్బ ‘సెటిల్డ్’ అన్న మాట. రికవరీ ఏజెంట్ ఫోన్ చేసి సగం కడితే చాలంటాడు, కుర్రాడు అప్పు చేసైనా కట్టి ఊపిరి పీల్చుకుంటాడు. నివేదికలో మాత్రం అది ‘క్లోజ్డ్’ కాదు, పూర్తిగా కట్టనివాడి లెక్కే. బీటెక్ కోసం తీసుకున్న విద్యారుణమైతే, చదువు ముగిశాక ఏడాది గడువు అయ్యేసరికి ఉద్యోగం లేకపోయినా వాయిదాలు మొదలవుతాయి. ఉద్యోగం కోసం చేసిన అప్పే ఉద్యోగానికి అడ్డం పడుతుంది.

బాకీకి కారణం అడిగే చోట్లూ ఉన్నాయి. అమెరికాలో దేశ రహస్యాలు చూసే ఉద్యోగాలకు సెక్యూరిటీ క్లియరెన్స్ (ఆరా తీసి ఇచ్చే అనుమతి) కావాలి. డబ్బు కోసం సోవియట్లకు రహస్యాలు అమ్మిన సీఐఏ అధికారి ఆల్డ్రిచ్ ఏమ్స్ 1994లో పట్టుబడ్డాక అక్కడ అప్పులంటే భయం మరీ పెరిగింది. అయినా 2017 నాటి మార్గదర్శకాల ప్రకారం, బాకీ ఉందని తేలాక మరికొన్ని ప్రశ్నలకు జవాబు చూస్తారు. ఉద్యోగం పోవడం, జబ్బు, విడాకుల వంటి చేతిలో లేని కారణమా? ఆ తర్వాత బాధ్యతగా నడుచుకున్నాడా? గూఢచర్యం ముప్పున్న చోటే ఇంత ఆరా తీస్తున్నప్పుడు బ్యాంకు ఆఫీసరు పోస్టుకు ఎందుకు తీయకూడదు?

స్టేట్ బ్యాంకు తర్వాతి ప్రొబేషనరీ ఆఫీసర్ (పీఓ) ప్రకటనల్లో కొంత సడలింపు వచ్చింది. ఆఫర్ లెటర్ ఇచ్చే తేదీలోపు బాకీ తీర్చి ఉంటే అర్హత పోదు. సిబిల్‌లో ఇంకా మారకపోతే అప్పిచ్చిన సంస్థ నుంచి అభ్యంతరం లేదన్న పత్రం (ఎన్‌ఓసీ) తేవాలి. కోర్టుకెక్కిన అభ్యర్థి ఇంతకు మించి అడగలేదు.

నివేదికలో తప్పుంటే 30 రోజుల్లో సరిచేయాలని, ఆలస్యమైతే రోజుకు రూ.100 పరిహారం ఇవ్వాలని రిజర్వ్ బ్యాంకు నిబంధన 2024 ఏప్రిల్ నుంచి అమల్లో ఉంది. జాయినింగ్ తేదీ ఆ 30 రోజుల్లోపే పడితే మాత్రం ఎన్‌ఓసీ కాగితమే దిక్కు.