చెంచాడు మెంతులు, ఎర్రబూజు బియ్యం

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు 1990లో ఒక అధ్యయనం ప్రచురించారు. టైప్-1 మధుమేహం ఉన్నవారికి పది రోజుల పాటు మధ్యాహ్నం, రాత్రి భోజనాల్లో మెంతిపిండి కలిపి పెడితే చక్కెరతో పాటు మొత్తం కొలెస్టరాల్, ఎల్‌డీఎల్ అనే చెడు కొలెస్టరాల్, ట్రైగ్లిజరైడ్లు అనే రక్తంలోని కొవ్వులు కూడా తగ్గాయి. మెంతులతో కొలెస్టరాల్ కరిగిపోతుందంటూ ఫోన్లలో తిరిగే సందేశాలు ఇలాంటి ఫలితాలనే చెబుతాయి, మోతాదు మాత్రం చెప్పవు. ఆ అధ్యయనంలో పెట్టింది రోజుకు 100 గ్రాములు, అదీ కొవ్వు తీసేసిన పిండి. మనం రాత్రి నానబెట్టి పొద్దున్నే మింగే చెంచాడు మెంతులు ఐదు గ్రాములకు అటూ ఇటూ ఉంటాయి. పూటకు 50 గ్రాముల మెంతిపిండి తిన్న ఆ రోగుల ఓపికకు దండం పెట్టాలి.

నిజానికి అక్కడ కరిగేదేమీ లేదు. కాలేయం కొలెస్టరాల్‌తో పైత్య ఆమ్లాలు తయారుచేసి, కొవ్వును అరిగించడానికి పేగులోకి వదులుతుంది. పని అయ్యాక వాటిలో దాదాపు 95 శాతం చిన్నపేగు చివర్లో మళ్లీ రక్తంలోకి చేరి కాలేయానికి తిరిగొస్తాయి. నానిన మెంతుల చుట్టూ కనిపించే జిగురు ఈ రాకపోకలకు అడ్డుపడుతుంది. పైత్య ఆమ్లాలు కొన్ని ఆ జిగురులో చిక్కుకుని మలంతో బయటికి పోతాయి. కొత్తవి చేసుకోవడానికి కాలేయానికి కొలెస్టరాల్ కావాలి కాబట్టి రక్తంలోని ఎల్‌డీఎల్‌ను ఎక్కువగా లాక్కుంటుంది.

ఇసబ్‌గోల్ పొట్టు చేసే పనీ ఇదే, దీనికి ఆధారాలు మరింత గట్టివి. మలబద్ధకానికని ఇంట్లో ఉంచుకునే ఈ పొట్టులోని కరిగే పీచు రోజుకు ఏడు గ్రాములు అందితే గుండెజబ్బు ముప్పు తగ్గవచ్చని ప్యాకెట్ మీద రాసుకోవడానికి అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 1998లో అనుమతించింది. పొట్టు లెక్కలో అది సుమారు పది గ్రాములు. ఎల్‌డీఎల్ ఐదు నుంచి పది శాతం వరకు తగ్గుతుంది. పెద్ద గ్లాసు నీళ్లతో తాగకపోతే గొంతులో అడ్డుపడే ప్రమాదం ఉంది. ఇతర మందులకు, దీనికి మధ్య రెండు గంటల ఎడం ఉండాలి. ఓట్స్, బార్లీలదీ ఇదే దారి. వెల్లుల్లి మీద నాకు పెద్దగా ఆశ లేదు. స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు 192 మందికి ఆరు నెలల పాటు పచ్చి వెల్లుల్లి గానీ, వెల్లుల్లి మాత్రలు గానీ, ఉత్తుత్తి మాత్రలు గానీ ఇచ్చి చూశారు. 2007లో వెలువడిన ఫలితాల్లో ఎవరి ఎల్‌డీఎల్‌లోనూ చెప్పుకోదగ్గ తేడా లేదు. ఆయుర్వేదంలో వాడే చెట్టు బంక గుగ్గులు కథ ఇంకా విచిత్రం. మన దేశంలో 1980లలోనే దాని సారం మందుగా అనుమతి పొందింది. అమెరికాలో 103 మందిపై జరిపి 2003లో ప్రకటించిన పరీక్షలో మాత్రం గుగ్గులు తీసుకున్నవారి ఎల్‌డీఎల్ తగ్గకపోగా కాస్త పెరిగింది. కొందరికి ఒంటి మీద దద్దుర్లు కూడా వచ్చాయి.

ఇక కొలెస్టరాల్ తగ్గిస్తుందంటూ డబ్బాల్లో మాత్రలుగా అమ్మే ఎర్రబూజు బియ్యం. ఇది మన ఎర్ర బియ్యం కాదు. బియ్యం మీద మొనాస్కస్ అనే బూజును పెంచి చేసేది, చైనా వంటల్లో రంగు కోసం శతాబ్దాలుగా వాడుతున్నది. జపాన్ శాస్త్రవేత్త అకిరా ఎండో కొలెస్టరాల్ తయారీని ఆపే పదార్థం కోసం 1971 నుంచి వేల రకాల శిలీంధ్రాలను గాలించారు. క్యోటోలోని ఒక ధాన్యం దుకాణం నుంచి వచ్చిన బియ్యం మీది నీలి బూజులో, కొలెస్టరాల్ తయారీని అడ్డుకునే స్టాటిన్ మందుల్లో మొదటిది దొరికింది. 1979లో ఆయనే మొనాస్కస్ బూజులో మొనాకోలిన్-కె ను కనుగొన్నారు. అమెరికాలో మెర్క్ కంపెనీ మరో బూజు నుంచి విడిగా తీసిన లోవాస్టాటిన్ అనే స్టాటిన్, ఈ మొనాకోలిన్-కె ఒకే అణువు. లోవాస్టాటిన్ 1987లో మాత్రగా మార్కెట్లోకి వచ్చింది.

అంటే ఎర్రబూజు బియ్యం పనిచేస్తే అది అందులో ఉన్న ఈ స్టాటిన్ మందు వల్లే. మొనాకోలిన్ చెప్పుకోదగినంత ఉన్న డబ్బాను ఎఫ్‌డీఏ అనుమతి లేని మందుగా లెక్కగడుతుంది. లేని డబ్బా కొంటే ఖరీదైన బియ్యం కొన్నట్టే. 2017లో అమెరికా దుకాణాల్లోని 28 బ్రాండ్లను పరీక్షిస్తే రెండింటిలో మొనాకోలిన్ జాడే లేదు, మిగతావాటి మధ్య 60 రెట్లకు పైగా తేడా కనిపించింది. 2022లో క్లీవ్‌లాండ్ క్లినిక్ వైద్యులు చేప నూనె, దాల్చినచెక్క, వెల్లుల్లి, పసుపు, మొక్కల స్టెరాల్స్, ఎర్రబూజు బియ్యం సప్లిమెంట్లను తక్కువ మోతాదు రోసువాస్టాటిన్ అనే స్టాటిన్ మాత్రతో, ఉత్తుత్తి మాత్రతో పోల్చారు. నాలుగు వారాల్లో స్టాటిన్ మాత్ర ఎల్‌డీఎల్‌ను దాదాపు 38 శాతం తగ్గించింది. ఆ ఆరింటిలో ఒక్కటీ ఉత్తుత్తి మాత్రను చెప్పుకోదగ్గ తేడాతో మించలేదు.

సహజమైనది కనుక హాని లేదన్న ధీమా కూడా ఇక్కడ నిలవదు. ఈ బూజులో కొన్ని రకాలు సిట్రినిన్ అనే విషాన్నీ తయారుచేస్తాయి, అది మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. 2024 మార్చిలో జపాన్‌లో ఒక కంపెనీ తన ఎర్రబూజు బియ్యం మాత్రలను వెనక్కి తీసుకోవలసి వచ్చింది. వాటిని వాడిన వందల మంది ఆసుపత్రి పాలయ్యారు. అందులో దొరికింది సిట్రినిన్ కాదు, వేరే నీలి బూజు నుంచి చేరిన ప్యూబెరులిక్ ఆమ్లం. అంతకుముందే, 2022లో, యూరప్ రోజుకు మూడు మిల్లీగ్రాముల లోపు మొనాకోలిన్ మాత్రమే ఉండాలని హద్దు పెట్టింది. ఇప్పటికే స్టాటిన్ వాడుతూ పైనుంచి ఈ డబ్బా కూడా మొదలుపెడితే ఒకే జాతి మందు రెండు పేర్లతో మింగినట్టవుతుంది. కండరాల నొప్పులు మొదలైతే ఈ సంగతి తెలియని డాక్టరు కారణం కోసం ఎక్కడెక్కడో వెతకాల్సి వస్తుంది.