సుదర్శన చక్రం సాగర్ దాకా వచ్చేదెప్పుడు?

2025 ఆగస్టు 15న ఎర్రకోట నుంచి ప్రధాని సుదర్శన చక్ర మిషన్ ప్రకటించారు. శత్రువు ఆకాశం నుంచి చేసే దాడులను అడ్డుకునే దేశవ్యాప్త కవచమది. 2035 నాటికి వ్యూహాత్మక ప్రాంతాలతో పాటు ఆసుపత్రులు, రైల్వేలు, ప్రార్థనా స్థలాలకూ రక్షణ కల్పిస్తామన్నారు. మరి మన నాగార్జునసాగర్ డ్యాం సంగతేంటి? దామరచర్లలోని 4,000 మెగావాట్ల యాదాద్రి విద్యుత్ కేంద్రం సంగతేంటి? దీనికి జవాబు ఆయుధాలను 'బయట కొనాలా, మనమే చేసుకోవాలా' అన్న పాత తగవులోనే దొరుకుతుంది.

1983లో కలాం మొదలుపెట్టిన క్షిపణుల కథ అందరికీ తెలిసిందే. అసలు మలుపు 2007 డిసెంబరులో వచ్చింది. నేల మీంచి గాల్లోని లక్ష్యాలను కొట్టే క్షిపణి ఆకాశ్. దాంతో పాటే మొదలైన మరో క్షిపణి త్రిశూల్ అప్పటికే చతికిలబడింది, 2008లో దాన్ని మూసేశారు. ఆకాశ్ గతీ ఇంతేనన్న అనుమానాల మధ్య వైమానిక దళం ఒడిశాలోని చాందీపూర్‌లో దాన్ని పరీక్షించింది. హైదరాబాద్‌లోని రక్షణ పరిశోధనా ల్యాబు డీఆర్‌డీఎల్‌లో పుట్టిన ఆ క్షిపణి లక్ష్యాలను కొట్టి చూపింది. మరుసటి ఏడాదే రెండు స్క్వాడ్రన్లకు ఆర్డరు వచ్చింది. ఆ పరీక్ష తప్పి ఉంటే ఈ రోజు చేసుకోవడం గురించి మాట్లాడుకునే వీలే ఉండేది కాదు.

సైన్యం వైపు వాదన కూడా ఉంది. ఆకాశ్ సైన్యం చేతికి అందేసరికి 2015 అయింది, అన్నేళ్లు సరిహద్దును ఖాళీగా వదలలేం కదా అంటారు. అందుకే ఇజ్రాయెల్ నుంచి స్పైడర్, 2018లో రష్యాతో ఎస్-400 గగనతల రక్షణ వ్యవస్థల ఒప్పందం. కానీ అప్పుడు ఎస్-400కు ఆర్డరిచ్చింది ఐదు స్క్వాడ్రన్లకే. ఇంత పెద్ద దేశంలో అవి ముందు ఎక్కడికి పోతాయో వేరే చెప్పాలా?

2025 మేలో పాకిస్తాన్ డ్రోన్లు గుంపులుగా వచ్చినప్పుడు సోవియట్ కాలం నాటి పెచోరా క్షిపణులతో పాటు ఆకాశ్ కూడా నిలబడింది. ఆగస్టు 23న ఒడిశా తీరంలో ఒకేసారి పరీక్షించిన కొత్త రక్షణ వ్యవస్థలో అతి స్వల్పశ్రేణి క్షిపణి ఆర్‌సీఐది, లేజర్ ఆయుధం చెస్‌ది, కమాండ్ కేంద్రం డీఆర్‌డీఎల్‌ది. మూడూ హైదరాబాద్ ల్యాబులే. సాగర్ రోడ్డు మీది ఇబ్రహీంపట్నంలో, క్షిపణులు తయారుచేసే ప్రభుత్వ సంస్థ బీడీఎల్‌కు భూమీ ఉంది.

అయితే 2023 మార్చిలో బీడీఎల్‌కు ఇచ్చిన రూ.8,160 కోట్ల ఆకాశ్ ఆర్డరు రెండు రెజిమెంట్లకే, అదీ ఉత్తర సరిహద్దు కోసం. నల్లగొండ వంతు రావాలంటే ఈ ఆర్డర్లు ఇంకా పెద్దవి కావాలి, ఇంకా త్వరగా రావాలి.