ఎబోలా గురించి పోర్టు ఊళ్ళో వినిపించే పుకార్లు: అపోహలు - వాస్తవాలు

ఆఫ్రికాలో ఎబోలా అని టీవీలో స్క్రోలింగ్ వచ్చిందంటే చాలు, మా ఓపీలో అడిగే ప్రశ్నలు మారిపోతాయి. నేను విశాఖలో అంటువ్యాధులు చూసే డాక్టర్ని. మల్కాపురం, గాజువాక వైపు నుంచి ఓడల మీద పనిచేసే వాళ్ళ కుటుంబాలు మా దగ్గరికి బాగా వస్తాయి. కొడుకు ఎక్కిన ఓడ నైజీరియాలోని లాగోస్‌లో ఆగిందని తెలిస్తే తల్లికి కంటి మీద కునుకుండదు. అప్పటికే ఆమె ఫోన్‌లోకి ఎవరెవరివో వాయిస్ మెసేజులు వచ్చి ఉంటాయి. ఎక్కువగా వినపడే మాటలు ఇవి.

అపోహ: ఎల్లో ఫీవర్ సూది వేయించుకున్నాడు, ఇక ఎబోలా రాదు

రెండూ వేర్వేరు జబ్బులు. పసుపు రంగు కార్డు మీద ముద్ర వేసి ఇచ్చే టీకా ఎల్లో ఫీవర్‌కు మాత్రమే. అది దోమల వల్ల వచ్చేది. ఎబోలాకు దోమతో సంబంధం లేదు.

అపోహ: గాలిలో పాకుతుంది, ఒక్క ఓడ హార్బర్‌లోకి వస్తే ఊరంతా పోతుంది

రోగి రక్తం, వాంతి, విరేచనం, చెమట లాంటివి మన ఒంటికి తగిలి, కంటి ద్వారానో నోటి ద్వారానో గాయం ద్వారానో లోపలికి వెళ్తేనే ఎబోలా సోకుతుంది. లక్షణాలు మొదలుకాని మనిషి నుంచి ఇంకొకరికి రాదు. సోకాక 2 నుంచి 21 రోజుల్లో బయటపడుతుంది. పడమటి ఆఫ్రికా నుంచి విశాఖకు సరుకు ఓడ రావడానికి మామూలుగా మూడు వారాలు దాటుతుంది. ఓడలో ఎవరికైనా జ్వరం ఉంటే కెప్టెన్ ముందే రాతపూర్వకంగా తెలపాలి. పోర్ట్ హెల్త్ వాళ్ళు సరే అనేదాకా ఎవరూ గట్టు మీదికి దిగడానికి లేదు. విమానంలో వచ్చేవాళ్ళ విషయంలోనే ఎక్కువ జాగ్రత్త కావాలి.

2014 జులైలో లైబీరియా నుంచి విమానంలో వచ్చిన ఒక ప్రయాణికుడు లాగోస్ ఎయిర్‌పోర్టులోనే కుప్పకూలాడు. లాగోస్ ఎంత కిక్కిరిసిన నగరమో ఓడల వాళ్ళను అడగండి. అయినా నైజీరియా మొత్తం మీద తేలిన కేసులు 20, చనిపోయినవాళ్ళు 8 మంది. వాళ్ళను కలిసిన దాదాపు 900 మందిని వెతికి పట్టుకుని, ఇళ్ళకు వెళ్ళి రోజూ జ్వరం చూశారు. అక్టోబరు 20 నాటికి ఎబోలా పోయిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది.

అపోహ: శవాలను ఇవ్వరు, లోపల కిడ్నీలు తీసేసుకుంటారు

ఇలాంటి మాటలు మనుషుల ప్రాణాలు తీశాయి కాబట్టి దీని దగ్గర కాసేపు ఆగుతాను. 2014 సెప్టెంబరులో గినియాలోని వోమే అనే ఊరికి ఎబోలా గురించి చెప్పడానికి వెళ్ళిన బృందంలో ఎనిమిది మందిని చంపేశారు. వాళ్ళలో ఆరోగ్య సిబ్బందీ ఉన్నారు, విలేకరులూ ఉన్నారు. చల్లే క్లోరిన్ మందుతోనే జబ్బు అంటిస్తున్నారన్న పుకారు అప్పటికే ఆ ప్రాంతమంతా పాకింది.

ఆ ఊరివాళ్ళను మూర్ఖులని తిట్టి ఊరుకోవడం నాకు ఇష్టం లేదు. ఇంటి మనిషికి జ్వరం వస్తే, కళ్ళు తప్ప ఏమీ కనిపించని తెల్ల సూట్లవాళ్ళు వచ్చి ఎత్తుకెళ్ళారు. నాలుగు రోజులకు పోయాడని కబురు. మొహం చూపించలేదు, స్నానం చేయించనివ్వలేదు. ఎవరికైనా అనుమానం రాదా?

2020లో కరోనా వచ్చినప్పుడు మన దగ్గర మాత్రం ఏం జరిగింది? ఒక మార్చురీ బయట ఒక పెద్దావిడ "ఒక్కసారి మొహం సూపించండి బాబూ" అని వచ్చేపోయే వాళ్ళందరినీ బతిమాలింది. రూల్స్ ఒప్పుకోవన్నారు. నిజానికి సిబ్బంది జాగ్రత్తలు తీసుకుని, బ్యాగు జిప్పు మొహం దాకా తీసి కడసారి చూపు చూపించవచ్చని కేంద్ర ఆరోగ్య శాఖ 2020 మార్చిలోనే రాసి ఇచ్చింది. ఆ జిప్పు జానెడు కిందికి దిగలేదు. మర్నాటికి వాళ్ళ వీధిలో కిడ్నీల మాట మొదలైంది. తలుచుకుంటే నాకు ఇప్పటికీ కడుపు మండుతుంది.

ఇక వాస్తవం. ఎబోలాతో పోయిన మనిషి ఒళ్ళంతా వైరస్సే. ఆ అవయవం ఎవరికీ పనికిరాదు, కోసినవాడికే ప్రాణాపాయం. శవాన్ని కడిగి, ముట్టుకుని సాగనంపిన చోట జబ్బు ఇంటిల్లిపాదికీ అంటుకుంది కాబట్టే ఆ కట్టడి. కానీ పద్ధతి మారింది. 2014 నవంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ కొత్త నియమాలు ఇచ్చింది: ఇంటివాళ్ళు ముట్టుకోకుండా దగ్గరుండి చూడవచ్చు, ప్రార్థన చేసుకోవచ్చు, సమాధి ఎక్కడో వాళ్ళకు తెలియాలి. తర్వాత 2018లో కాంగోలో పారదర్శకమైన ప్లాస్టిక్ గదులు వాడారు. గోడకే చేతి తొడుగులు అమర్చి ఉంటాయి. నర్సు బయట నుంచే చేతులు పెట్టి సెలైన్ ఎక్కిస్తుంది. భార్య ఆ గోడ పక్కనే కూర్చుని భర్తతో మాట్లాడుతుంది. లోపల ఏం జరుగుతోందో కళ్ళారా చూస్తున్న మనిషికి పుకారుతో పనేముంది?

అపోహ: టీకా అమ్ముకోవడానికి ల్యాబ్‌లో పుట్టించారు

ఎబోలా తొలిసారి తెలిసింది 1976లో. నాటి సుడాన్ (ఇప్పటి దక్షిణ సుడాన్)లోని న్జారాలో, నాటి జైర్ (ఇప్పటి కాంగో)లోని యంబుకులో ఇంచుమించు ఒకే సమయంలో బయటపడింది. ఆ రెండూ ఒకే జాతి వైరస్ కాదని తర్వాత తేలింది. అడవిలో గబ్బిలాల నుంచి వస్తోందని శాస్త్రవేత్తల బలమైన అనుమానం. యంబుకు మిషన్ ఆసుపత్రిలో ఓపీకి రోజుకు ఐదు సిరంజీలే ఇచ్చేవారు. వాటినే సరిగ్గా మరిగించకుండా మనిషి తర్వాత మనిషికి వాడటంతో జబ్బు ఊళ్ళకు ఊళ్ళు చుట్టేసింది.

టీకాకు అనుమతి వచ్చింది 2019లో, అంటే 43 ఏళ్ళకు. కెనడా ప్రభుత్వ ల్యాబ్‌లో తయారై, కోతుల మీద పనిచేసిందని 2005లోనే తేలిన టీకా అది. పేద దేశాల జబ్బు కాబట్టి డబ్బు పెట్టేవాళ్ళు లేక ఏళ్ళ తరబడి మూలపడింది. కంపెనీల మీద కోపం ఉంటే ఈ ఆలస్యం గురించి అడగండి, నేనూ గొంతు కలుపుతాను.

అపోహ: ఉప్పునీళ్ళు తాగితే రాదు

2014లో నైజీరియాలో ఇది నమ్మి ఉప్పునీళ్ళు తాగి చనిపోయినవాళ్ళు ఉన్నారు. ఇంతకు మించి చెప్పేదేం లేదు.

అపోహ: సోకిందంటే చావే, ఆసుపత్రికి వెళ్ళి లాభం లేదు

సగటున సగం మంది చనిపోతారు. చిన్న జబ్బని నేను అనను. అయితే జైర్‌లో బయటపడిన రకానికి ఇప్పుడు మందులున్నాయి. కాంగోలో జరిపిన పరీక్షల్లో, ఒంట్లో వైరస్ తక్కువగా ఉన్నప్పుడే వచ్చి ఆ మందులు తీసుకున్నవాళ్ళలో పదిమందికి దాదాపు తొమ్మిది మంది బతికి బట్టకట్టారు.

మీ వాళ్ళెవరైనా ఎబోలా ఉన్న చోటు నుంచి వచ్చిన 21 రోజుల్లోపు జ్వరం వస్తే నేరుగా క్లినిక్‌కు వెళ్ళి అందరి మధ్యా కూర్చోబెట్టకండి. 108కి గానీ హాస్పిటల్‌కి గానీ ఫోన్ చేసి, ఏ దేశం నుంచి, ఏ రోజు వచ్చారో మొదటి మాటగా చెప్పండి. ఆఫ్రికా నుంచి వచ్చినవాళ్ళ జ్వరాల్లో మేము ముందు వెతికేది మలేరియానే. అది కూడా రోజుల్లో ప్రాణం తీయగలదు కాబట్టి, ఎబోలా భయంతో ఇంట్లో దాచిపెట్టకుండా ఆ రోజే రక్తపరీక్ష చేయించండి.