గోతి నుంచి పథురియా దాకా: అడ్వాన్సు నడిచిన దారి

దసరా వెళ్లాక కొన్నాళ్లు ఆగి ఒడిశాలోని రాయగడ స్టేషన్‌కి వెళ్లండి. టిట్లాగఢ్ వైపు నుంచి విశాఖ వెళ్లే బండి ఆగగానే జనరల్ బోగీల్లో అల్యూమినియం డేగిసాలు, తాడుతో బిగించి కట్టిన బొంతలు, బియ్యం సంచులు కనిపిస్తాయి. సంచుల మీద పిల్లలు నిద్రపోతుంటారు. టీ కుర్రాడు తెలుగులో అరుస్తాడు, లోపలివాళ్లు ఒడియాలో బేరమాడతారు. బలంగీర్, నువాపడా, కాలాహండి పల్లెల నుంచి తెలంగాణ, ఆంధ్ర ఇటుక బట్టీలకు వెళ్లే కుటుంబాలవి. మొగుడు, పెళ్లాం, పనికొచ్చే ఒక బిడ్డ కలిస్తే ఒక 'పథురియా'. అడ్వాన్సు ఇచ్చేది మనిషికి కాదు, పథురియాకి.

మా బావ ఇక్కడే ఒక ఫ్యాక్టరీకి సివిల్ పనులు చేసే కాంట్రాక్టరు దగ్గర లెక్కలు రాస్తాడు. పోయినేడు ఆ ఫ్యాక్టరీ నుంచి ఒక ఫారం వచ్చింది. 'మీ దగ్గర గానీ, మీకు సరుకు ఇచ్చేవాళ్ల దగ్గర గానీ బలవంతపు చాకిరీ ఉందా?' ఉంది, లేదు అని రెండు గళ్లు. బావ ఏమాత్రం ఆలోచించకుండా 'లేదు' మీద టిక్కు పెట్టేశాడు. అబద్ధమాడదామని కాదు. బలవంతం అంటే గేటుకి తాళం, చేతిలో కర్ర అనుకున్నాడు. ఆ ఫారం తయారుచేసినవాళ్లూ అంతే అనుకుని ఉంటారు. మన సరిహద్దు జిల్లాల చరిత్ర తెలిస్తే మాత్రం ముందు అడగాల్సింది అడ్వాన్సు పుస్తకం.

అడ్వాన్సుతో మనిషిని కట్టేయడం ఇక్కడ కంపెనీలకు కొత్తేం కాదు. 1766లో ఉత్తర సర్కారులు ఈస్టిండియా కంపెనీ చేతికొచ్చాక గంజాం, విశాఖ వైపు నేతగాళ్లకు ముందుగా డబ్బు ముట్టేది. బాకీ తీరేదాకా ఆ మగ్గం మీది గుడ్డ ఇంకొకరికి అమ్మకూడదు. ఇలా ముందుగా ఇచ్చే డబ్బునే దాదన్ అంటారు; ఆ మాటకు పారసీలో 'ఇవ్వడం' అని అర్థం. ఇచ్చేది ఒక్కసారి, రాబట్టుకునేది ఏడాది పొడుగునా.

బానిసత్వానికి చట్టం అండ 1843లో పోయింది. 1859లో వేరే చట్టం వచ్చి, అడ్వాన్సు తీసుకుని పని మానేసినవాడిని మేజిస్ట్రేటు ముందు నిలబెట్టింది. డబ్బు కట్టకుండా, పనికీ వెళ్లనంటే మూడు నెలల దాకా జైలు. 1925లో గానీ దాన్ని ఎత్తేయలేదు. గోపాలపురం రేవులో రంగూన్ ఓడ ఎక్కిన తెలుగు, ఒడియా కూలీల మీద ఈ నీడ ఉండేది. టికెట్టు డబ్బు మేస్త్రీ పెట్టేవాడు, అక్కడ కూలిలో కోసుకునేవాడు.

కొండల మీద దీని పేరు గోతి. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడేదాకా కొరాపుట్, రాయగడ, గుణుపురం అన్నీ మద్రాసు ప్రెసిడెన్సీలోని విశాఖ జిల్లాలోవే. పెళ్లిలో ఓలి (కన్యాశుల్కం) ఇవ్వాలన్నా, జరిమానా కట్టాలన్నా అప్పు చేసిన పరజా, కొంధు గిరిజన రైతు గోతిగా మారేవాడు. చాకిరీ వడ్డీకి చెల్లిపోయేది, అసలు అలాగే ఉండేది. తండ్రి పోతే కొడుకు. అప్పిచ్చిన షావుకార్లలో మైదానం నుంచి కొండెక్కిన మన తెలుగు వ్యాపారులూ ఉన్నారు. ఈ సంగతి మన ఇళ్లలో ఎవరూ ఎత్తరు. దీన్ని రద్దు చేస్తూ మద్రాసు ఏజెన్సీలో 1940లో, ఒడిశాలో 1948లో రెగ్యులేషన్లు వచ్చాయి.

కాగితం మీద గోతి పోయింది. దాదన్ కూలీల మీద ఒడిశా 1975లో ప్రత్యేకంగా చట్టం చేయాల్సి వచ్చిందంటే మిగిలింది ఏమిటో తెలుస్తూనే ఉంది. దేశమంతటికీ వెట్టి చాకిరీ రద్దు చట్టం 1976లో వచ్చింది. కట్టు కూలీగా ఉన్నవాడి బాకీ ఆ చట్టంతో చెల్లిపోయినట్టే. 1979 నాటి వలస కార్మికుల చట్టం ఇంకో అడుగు వేసింది: కూలీని వేరే రాష్ట్రానికి తీసుకెళ్లే కాంట్రాక్టరు నెల కూలిలో సగం తిరిగి తీసుకోకుండా ఇవ్వాలంది, రానూపోనూ చార్జీలు పెట్టుకోవాలంది. ఆ చట్టం ఇప్పుడు 2020 నాటి లేబర్ కోడ్‌లో కలిసిపోయింది; అందులో చార్జీల మాట ఉంది గానీ సగం కూలి మాట లేదు. నాకు తెలిసినంతలో ఆ సగం కూలి అందుకున్నామని చెప్పినవాళ్లు ఒక్కరూ కనపడలేదు.

అసలు నిర్వచనం మార్చింది సుప్రీంకోర్టు. 1982లో ఢిల్లీ ఏషియాడ్ (ఆసియా క్రీడల) పనుల కేసులో జస్టిస్ పి.ఎన్. భగవతి, కనీస వేతనం కన్నా తక్కువకు పనిచేయాల్సి రావడం కూడా రాజ్యాంగం 23వ అధికరణం నిషేధించిన బలవంతపు చాకిరీయే అన్నారు. ఆకలి తరిమినా బలవంతమే. 1983 డిసెంబరులో ఫరీదాబాద్ రాతి క్వారీల కేసులో ఇంకాస్త ముందుకెళ్లారు: మనిషి చేత బలవంతంగా పని చేయిస్తున్నట్టు తేలితే అది అడ్వాన్సు కిందేనని అనుకోవాలి, కాదని నిరూపించుకోవాల్సింది యజమాని. బావ టిక్కు పెట్టిన గడికి ఈ లెక్కన అర్థమే మారిపోతుంది. ఇన్ని తీర్పుల తర్వాత కూడా 2013 డిసెంబరులో కాలాహండికి చెందిన ఇద్దరు కూలీల కుడి చేతులు ఏజెంట్లు నరికేశారు. అడ్వాన్సు తీసుకున్న మిగతావాళ్లు దారిలో పారిపోయారని, ఆ డబ్బు రాబట్టడానికి.

ఇక ఫారాల సంగతి. బ్రిటన్ 2015లో ఆధునిక బానిసత్వ చట్టం తెచ్చింది. ఏటా 3 కోట్ల 60 లక్షల పౌండ్లు, ఆపైన టర్నోవరు ఉన్న కంపెనీలు తమ సరఫరా గొలుసులో ఏం చేస్తున్నాయో ప్రకటించాలి. మన స్టాక్ మార్కెట్లను చూసే సెబీ 2022–23 నుంచి పెద్ద లిస్టెడ్ కంపెనీలు వెయ్యింటికి మానవ హక్కుల మీద కూడా రిపోర్టు తప్పనిసరి చేసింది. పైనున్న కంపెనీ కిందివాణ్ని అడుగుతుంది, వాడు తన కిందివాణ్ని. రాయగడ దాకా వచ్చేసరికి అది బావ టేబుల్ మీద రెండు గళ్లుగా మిగులుతుంది. ఇటుక బట్టీ దాకా అసలు వెళ్లనే వెళ్లదు.

బట్టీలో లెక్క ఇలా ఉంటుంది. కూలి వెయ్యి ఇటుకలకు ఇంత అని. వారం వారం చేతికిచ్చేది తిండి ఖర్చు మాత్రమే, దాన్ని 'ఖురాకీ' అంటారు. అసలు లెక్క సీజన్ చివర, వానలకు ముందు తేలుతుంది. అడ్వాన్సు, ఖురాకీ, మందుల ఖర్చు కొట్టేయగా మిగిలింది కూలి. వాన పడి పచ్చి ఇటుక కరిగిపోతే ఆ నష్టం ఎవరి ఖాతాలో పడుతుందో చెప్పక్కర్లేదు. పుస్తకం రాసేది యజమాని గుమస్తా. మధ్యలో వెళ్లిపోతానంటే పిల్లాణ్ని ఉంచి వెళ్లమనడం, ఆధార్ కార్డు తీసుకోవడం. గేటుకి తాళం ఎందుకు?

కొన్నాళ్ల కిందట ఇదంతా బావతో చెప్తే ఒక బట్టీ యజమానికి ఫోన్ చేసి, కూలీలకు అడ్వాన్సు ఎందుకిస్తున్నావని అడిగాడు. 'ఇవ్వకపోతే ఎవరొస్తారండీ? నేను మాత్రం ఎక్కణ్నుంచి తెస్తాను, సీజన్ ముందు మీరిచ్చిన అడ్వాన్సే కదా కూలీల్ని తెచ్చే సర్దారుకి పంపింది' అన్నాడతను. బావ ఫోన్ పెట్టేసి కంప్యూటర్‌లో పాత వోచర్లు తీశాడు. సెప్టెంబరులో ఇటుకల కోసం కట్టిన అడ్వాన్సు, కింద తన సంతకం.